పిడుగు ఎందుకు ఆలస్యమయ్యాడు?

కొడుకు పోయాక ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య మాటల్లేవని చుట్టాలు అనుకునేవారు. అది నిజం కాదు. గ్యాసు అయిపోయిందనీ, రేపు పొద్దున్నే డ్యూటీ ఉందనీ, పక్కింటివాళ్ళు సున్నం వేయిస్తున్నారనీ చెప్పుకుంటూనే ఉండేవారు. పిల్లాడి ఊసు మాత్రం ఇద్దరిలో ఒక్కరూ ఎత్తేవారు కాదు.

ఆమె కళ్ళద్దాల దుకాణంలో వెనక గదిలో పనిచేస్తుంది. డాక్టరు రాసిన చీటీ చూసి, లెన్సు మీద చుక్క పెట్టి, అంచులు అరగదీసి, ఫ్రేములో బిగించడం ఆమె పని. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఉన్నది ఒక్కడే కొడుకు. కాలేజీలో రెండో ఏడు చదువుతుండగా జ్వరం వచ్చింది. ఆ సాయంత్రం వాడు కళ్ళు మూసుకుని పడుకున్న తీరు ఆమెకు నచ్చలేదు. బండి పిలిచి ఆసుపత్రికి తీసుకెళదామంది. "మాత్ర వేశాం కదా, పొద్దున చూద్దాంలే" అన్నాడాయన. తెల్లారేసరికి పిల్లాడు పిలిస్తే పలకలేదు. ఆసుపత్రిలో డాక్టరు "కాస్త ముందు తెచ్చుంటే..." అని మొదలుపెట్టి, వాళ్ళ మొహాలు చూసి ఆ వాక్యాన్ని అక్కడే ఆపేశాడు.

ఆ ఆగిపోయిన వాక్యమే వాళ్ళతో పాటు ఇంటికొచ్చింది. దాన్ని ఆమె ఎన్నడూ పూర్తి చేయలేదు. మొగుణ్ణి ఒక్క మాటైనా అనకపోవడం తన గొప్పతనమని కూడా కొన్నాళ్ళు అనుకుంది. కానీ కంచంలో అన్నం పెట్టేటప్పుడు గరిటె కాస్త గట్టిగా తగిలేది. "పొద్దున చూద్దాం" అనే మాట ఆయన నోట ఏ పని గురించి వచ్చినా ఆమె లేచి వెళ్ళిపోయేది. ఆయనకు అర్థమయ్యేది. కొన్నాళ్ళకు ఆయన ఆ మాట వాడటమే మానేశాడు.

రోజూ పని నుంచి రాగానే ఆయన స్నానం చేసి పిల్లాడి గదిలోకి వెళ్ళేవాడు. అక్కడ పిల్లాడి కంప్యూటరు ఉంది. తలుపు సందులోంచి ఉరుముల చప్పుడూ, నీలం వెలుగూ వచ్చేవి. పిల్లాడు ఆడుకునే ఆటేనని ఆమెకు తెలుసు. ఒక మహానగరం, దాన్ని కాపాడే వీరులు, వాళ్ళకు రకరకాల శక్తులు. బతికున్న రోజుల్లో వాడు అన్నం తింటూ కూడా ఆ కథలే చెప్పేవాడు. ఇప్పుడు యాభై దాటిన మనిషి అక్కడ కూర్చుని టకటకా మీటలు నొక్కుతుంటే ఆమెకు ఒళ్ళు మండిపోయేది. కన్నకొడుకు పోతే ఆడదానికే కడుపుకోత, మగవాడికి ఏ బొమ్మలాటైనా సరిపోతుంది కాబోలని లోలోపలే రుసరుసలాడేది.

దుకాణానికి సెలవైన ఒక రోజు మధ్యాహ్నం ఆమె ఆ గది ఊడవడానికి వెళ్ళింది. ఆయన పనికి పోతూ కంప్యూటరు ఆపడం మరిచాడు. చీపురు తగిలి బల్ల కదిలేసరికి తెర వెలిగింది. అక్కడ ఆట లేదు, బారెడు రాత ఉంది. పైన రాసినవాళ్ళ పేరు దగ్గర "లిఫ్టు బాబాయ్" అని ఉంది.

అది ఆ ఆటను ఇష్టపడేవాళ్ళు తమ భాషలో మాట్లాడుకునే ఫోరం. ఆట ఎలా గెలవాలన్నది అక్కడ పెద్దగా పట్టదు. ఆ నగరం ఎలా పుట్టింది, ఏ వీరుడికి ఏ శక్తి ఎంతవరకు పనిచేస్తుంది, ఎవరికి ఎవరితో ఎందుకు చెడింది, ఇవే వాళ్ళ చర్చలు. కోర్టులో ప్లీడర్లలా వాదించుకుంటారు. ఆమె ముందున్న చర్చ పేరు "పిడుగు ఎందుకు ఆలస్యమయ్యాడు?"

పిడుగు ఆ ఆటలో అందరికంటే వేగం గల వీరుడు. రెప్ప వాల్చేలోగా నగరం ఈ చివర నుంచి ఆ చివరకు పోగలడు. తన గోపురంలో కూర్చుని, శబ్దపు తీగల గుండా నగరంలో ఎవరు కేక వేసినా వినగలడు. అలాంటివాడు ఉత్తరపు వంతెన కూలిన రోజున అంతా అయిపోయాక వచ్చాడు. ఆట తయారుచేసినవాళ్ళు ఆ ఘట్టం చూపించారు గాని, ఎందుకు ఆలస్యమయ్యాడో చెప్పలేదు. ఇక అభిమానులకు చేతినిండా పని. శత్రువు చెవులకు మాయ కప్పాడని ఒకడు, ఆ రోజు పిడుగు శక్తి సన్నగిల్లిందని మరొకడు.

లిఫ్టు బాబాయ్ రాసింది వేరు. "ఆ ఘట్టాన్ని జాగ్రత్తగా చూడండి. పిడుగు బల్ల మీద గ్లాసులో నీళ్ళున్నాయి. వంతెన మొదటిసారి బీటలు వారినప్పుడు ఆ నీళ్ళు వణికాయి. పిడుగు గ్లాసు వంక చూశాడు. చూసి, మళ్ళీ తన చేతి తొడుగు కుట్టుకోవడంలో పడ్డాడు. శత్రువూ లేడు, మాయా లేదు. విన్నాడు. ఇంకాసేపు ఆగుతుందిలే అనుకున్నాడు. అంతే."

ఆమె చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కింద కుర్రాళ్ళు విరుచుకుపడ్డారు. "పిడుగుభక్తుడు" అని పేరు పెట్టుకున్నవాడైతే, "బాబాయ్, లిఫ్టులు బాగుచేసుకో, మా దేవుణ్ణి పాడుచెయ్యకు" అన్నాడు. ఆయన ఎవరినీ విసుక్కోలేదు. ఒక్కొక్కరికీ ఓపిగ్గా, ఆధారాలతో, పిడుగు తప్పించుకోవడానికి సందు లేకుండా జవాబిచ్చాడు. నెలల తరబడి అదే పని.

ఆయన ఎవరి గురించి రాస్తున్నాడో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అప్పుడు ఆమెకు జాలి కలిగిందని చెప్పాలనే ఉంది. జాలి కలగలేదు. "అలా అనుకోవాల్సిందే, ఇంకా అనుకోవాలి" అనిపించింది. ఇన్నాళ్ళూ తన గొంతులో అడ్డంపడిన మాట ఇంకొకరి నోట విన్నట్టు హాయిగా కూడా అనిపించింది.

మర్నాడు భోజనాల వేళ, దుకాణంలో బిల్లులు వేసే అమ్మాయి దగ్గర కూర్చుని తన ఫోను చాపింది.

"ఇందులో నాకో పేరు పెట్టి పెట్టవే. నాకూ రాయాలనుంది."

"ఆంటీ! గేమా? మీరా?" అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది.

"మా పిల్లాడు ఆడేవాడు."

అమ్మాయి నవ్వు ఆగిపోయింది. గబగబా వివరాలన్నీ నింపి, "ఏం పేరు పెట్టమంటారు?" అంది.

ఎదురుగా అరలో చదువుకునే కళ్ళద్దాలు వరసగా ఉన్నాయి. "చత్వారం అని పెట్టు" అందామె.

ఆ వంతెన ఘట్టాన్ని ఫోనులో మళ్ళీ మళ్ళీ చూసింది. వెంట్రుకవాసి తేడా పట్టుకోవడం ఆమెకు రోజూ ఉన్న పని. గ్లాసు వణికిన తరవాత పిడుగు చెయ్యి కిటికీ గడియ దాకా వెళ్ళి వెనక్కి రావడం ఆమె కంటపడింది. దాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. "బాబాయ్ గారు చెప్పిందే నిజం" అని రాసింది. "పిడుగు లేవబోయి కూర్చున్నాడు. గడియ దాకా వెళ్ళిన చెయ్యి చూడండి. వినని మనిషి లేవబోడు. లేవబోయి కూర్చున్నవాడిది తెలియనితనం కాదు."

ఆ చివరి మాటను మళ్ళీ చదవనైనా లేదు. పంపించేసింది.

సాయంత్రానికల్లా జవాబు వచ్చింది. "చత్వారం గారూ, ఇన్నాళ్ళకి ఒక్క మనిషి దొరికారు. నేను ఆ చెయ్యి చూడనే లేదు. మీకు ఎంతో రుణపడి ఉంటాను."

అలా మొదలైంది. ఆయన పిల్లాడి గదిలో కూర్చుని రాసేవాడు, ఆమె వంటింట్లో స్టవ్వు పక్కన నిలబడి ఫోనులో రాసేది. మధ్యలో ఒక్క గోడ. ఆయన ఒక ఆధారం చూపిస్తే ఆమె దాన్ని ఇంకాస్త పదును పెట్టేది. పిడుగు అంతకుముందు ఎన్ని చిన్న చిన్న కేకలకు పరిగెత్తాడో వెతికి పట్టుకొచ్చి, "ఎవరో పిల్లి చెట్టెక్కి దిగలేకపోతే పోయాడు. సొంత నగరం వంతెనకి మాత్రం ఆగుదామనుకున్నాడు" అంది. కుర్రాళ్ళు జడిసి ఊరుకున్నారు. "నిద్రమొహం" అనే మంచి పిల్లాడొకడు, "అమ్మో, చత్వారం గారితో పెట్టుకుంటే చూపు పోతుంది" అని రాస్తే అందరూ నవ్వుకున్నారు.

వింత ఏమిటంటే, ఆ రోజుల్లో ఆయన కాస్త కోలుకున్నట్టు కనిపించాడు. అన్నం రెండోసారి అడిగి వడ్డించుకున్నాడు. ఒకనాడు కంచం ముందు కూర్చుని, ఎన్నడూ లేనిది, దానంతట అదే నోరు జారినట్టు అన్నాడు.

"ఇవాళ ఒకావిడ భలే మాటన్నది."

"ఎవరావిడ?"

"నీకు తెలీదులే. కంప్యూటర్లో. బాగా చదువుకున్నావిడలా ఉంది. ఉన్నదున్నట్టు చెబుతుంది, మొహమాటం లేదు."

ఆమె మజ్జిగ వంచుతూ, "మీకు మంచి మాటే అందా?" అనడిగింది.

"మంచి మాటేం కాదు. నిజం మాట."

ఆమెకు తినబుద్ధి కాలేదు. కానీ రాయడం మానలేదు. ఎదురుగా అనలేని మాట గోడ చాటు నుంచి అనడం అలవాటైపోయింది. దాని రుచి మరిగింది.

ఒకరోజు నిద్రమొహం అడిగాడు: "సరే బాబాయ్. పిడుగుదే తప్పనుకుందాం. ఇప్పుడు అతను ఏం చెయ్యాలంటారు?"

దానికి ఆయన రాత్రి పొద్దుపోయాక రాసిన జవాబును ఆమె మర్నాడు దుకాణంలో చూసింది. యంత్రంలో లెన్సు తిరుగుతోంది. లిఫ్టు బాబాయ్ రాశాడు: "ఏమీ చెయ్యకూడదు. చెయ్యాల్సినప్పుడు చెయ్యలేదు కదా. అతను నగరానికి కనబడటమే నగరానికి శిక్ష. కాపాడలేనివాణ్ణి రోజూ చూస్తూ ఎవరు బతుకుతారు? గోపురం ఎక్కాలి, మళ్ళీ దిగకూడదు. చాలాకాలంగా ఇదే ఆలోచిస్తున్నాను. చత్వారం గారు కూడా ఒప్పుకుంటారనే నా నమ్మకం."

లెన్సు అరిగి అరిగి ఫ్రేముకు పనికిరాకుండా పోయింది. ఆమె యంత్రం ఆపి, తడి చేతులతోనే ఆయన వర్క్‌షాపుకు ఫోను చేసింది. ఫోర్‌మను ఎత్తాడు.

"మీవారు లిఫ్టు షాఫ్టులో ఉన్నారమ్మా, పైన. ఏం, అర్జంటా?"

"లేదు. ఊరికే. ఆయన బాగానే ఉన్నారా?"

"ఎలాగూ అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఈమధ్య నడుముకి సేఫ్టీ బెల్టు పెట్టుకోకుండా ఎక్కేస్తున్నారు. మరిచిపోయానంటారు. ఇన్నేళ్ళ సర్వీసులో మరిచిపోయే మనిషి కాదమ్మా ఆయన. నేను తిట్టాను కూడా. మీరూ ఓ మాట చెప్పండి."

ఫోను పెట్టేసి ఆమె పాడైన లెన్సును చెత్తబుట్టలో వేసింది. బిల్లుల అమ్మాయి ఆమె మొహం చూసి మంచినీళ్ళిచ్చింది.

ఆమె ఫోర్‌మనుకు మళ్ళీ ఫోను చేసి, ఆయనకు ఒంట్లో బాగుండటం లేదు, కొన్నాళ్ళు కింద పని ఏదైనా ఇప్పించమని బతిమాలింది. అతను మంచివాడు, సరేనన్నాడు. ఆ తరవాత ఫోరంలో కూర్చుని, ఎంత పదునుగా పిడుగు మీద నేరం మోపిందో అంత పదునుగానూ వెనకేసుకు రావడం మొదలుపెట్టింది. "పిడుగు ఇంజనీరు కాదు. వంతెన ఎంతసేపు ఆగుతుందో అతనికెలా తెలుస్తుంది? నగరంలో అంతకుముందు ఎన్నో వంతెనలు బీటలు వారాయి, అన్నీ ఆగాయి. ఇదీ ఆగుతుందనుకోవడం నేరమా? ఎవరైనా అలాగే అనుకుంటారు" అని రాసింది.

లిఫ్టు బాబాయ్ జవాబు మర్యాదగానే ఉంది. "చత్వారం గారూ, మీరే అన్నారు కదా, లేవబోయి కూర్చున్నవాడిది తెలియనితనం కాదని. దాన్ని మించిన మాట ఇంతవరకు ఎవరూ చెప్పలేదు."

"అప్పుడు తొందరపడ్డాను. నాది పొరపాటు."

"మీరు దయకొద్దీ మాట మారుస్తున్నారు. మొదట అన్నదే మీ మనసులో మాట."

ఆమె ఏ ఆధారం తెచ్చినా ఆయన దాన్ని ఆమె పాత మాటలతోనే కొట్టేశాడు. పిల్లి మాటా, గడియ మాటా, ఒక్కటి కూడా మరవలేదు. అన్నీ కంఠతా వచ్చినట్టున్నాయి. పిడుగుభక్తుడు మధ్యలో దూరి, "చత్వారం అమ్మగారు పార్టీ మార్చారహో!" అని చాటింపు వేశాడు. తను పదునుపెట్టిన ఉలే తనకు గుచ్చుకుంటోంది. ఫోరంలో ఎంత రాసినా లాభం లేదని తెలిసిపోయింది.

ఆ ఆదివారం సాయంత్రం పిల్లాడి గది తలుపు తోసి లోపలికెళ్ళింది. ఆయన కళ్ళద్దాలు తీసి చూశాడు. ఆ గదిలో ఇద్దరూ కలిసి ఉండటం పిల్లాడు పోయాక అదే మొదటిసారి.

"ఏమండీ. మీతో ఒకమాట చెప్పాలి. కోప్పడకండి."

"చెప్పు."

"ఆ చత్వారం... నేనేనండీ."

ఆయనకు వెంటనే ఎక్కలేదు. తెర వంక చూశాడు, ఆమె వంక చూశాడు. మొహంలో మొదట కనిపించింది సంతోషం లాంటిదే. ఎన్నాళ్ళుగానో వెతుకుతున్న చుట్టం గుమ్మంలో కనబడ్డట్టు పెదవులు విచ్చుకోబోయాయి. ఆ వెంటనే ఆ మొహంలో ఏదో ఆరిపోయింది.

"అయితే నువ్వూ అదే అనుకున్నావన్నమాట" అన్నాడు.

"లేదండీ. అది కోపంలో..."

"నేను అడుగుదామనుకునేవాణ్ణి. భయమేసేది. ఒకవేళ నువ్వు అలా అనుకోవడం లేదేమో, నేనే లేనిపోనిది ఊహించుకుంటున్నానేమో అని, ఆ ఆశ పట్టుకునే ఉన్నాను ఇన్నాళ్ళూ."

ఆమె నేల మీద కూలబడింది. "నేనూ ఇంట్లోనే ఉన్నాను కదండీ. నేనూ చూశాను వాణ్ణి. మీరు వద్దంటే నేనెందుకు ఊరుకోవాలి? పక్కింటివాళ్ళని లేపొచ్చు, నేనే ఎత్తుకుపోవచ్చు."

"నువ్వు బండి పిలుద్దామన్నావు. నేను వద్దన్నాను." ఆయన గొంతు పెరగలేదు. ఫోరంలో కుర్రాళ్ళకు జవాబిచ్చినంత నెమ్మదిగానే అన్నాడు. "నువ్వు రాసినదాంట్లో ఒక్క తప్పు కూడా లేదు. నాకంటే బాగా రాశావు."

"తిట్టండి నన్ను. మొహం మీద అనకుండా దొంగచాటుగా అన్నాను."

"ఎందుకు తిట్టడం? నువ్వు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?"

ఆయన కంప్యూటరును పద్ధతిగా ఆపాడు. తెర నల్లబడ్డాక లేచి, ఆమెను చెయ్యి పట్టి లేపి, పక్కకు తప్పుకుని, బయటికి వెళ్ళాడు. వంటింట్లో పొద్దుటి గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడింది. ఆయన ఎప్పుడూ గిన్నెలు కడిగేవాడు కాదు.

ఆ తరవాత లిఫ్టు బాబాయ్ ఫోరంలో ఒక్క అక్షరం రాయలేదు. షాఫ్టు పని పోయి, సామాన్ల గదిలో పుల్లీలూ కేబుళ్ళూ లెక్కచూసే పని ఇచ్చారు. దానికి ఆయన ఎందుకని అడగలేదు, అవమానమనీ అనుకోలేదు. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేవాడు. ఆమె బలవంతం మీద ఒకసారి మనసు డాక్టరు దగ్గరికి వచ్చాడు, అడిగినవాటికి బుద్ధిగా జవాబులు చెప్పాడు, ఇచ్చిన మాత్రలు వేసుకున్నాడు. ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పాడు. ఆమెతో మాట్లాడటం కూడా మానలేదు. మునుపటికంటే మెత్తగా, పరాయింటి మనిషితో మాట్లాడినట్టు "అలాగే", "నీ ఇష్టం" అనేవాడు. ఒకప్పుడు గోడకు అవతల నుంచి తనతో వాదించిన మనిషి, తన మాటకు మురిసి ఇంకో ముద్ద తిన్న మనిషి, ఆమెకు మళ్ళీ దొరకలేదు.

కొన్ని నెలలకు ఆట తయారుచేసినవాళ్ళు కొత్త అధ్యాయం విడుదల చేశారు. అందులో అసలు సంగతి చూపించారు. వంతెన కూలిన రోజున శత్రువులు గోపురానికి పోయే శబ్దపు తీగలు తెంచారట. పిడుగు ఏమీ వినలేదట. గ్లాసు వణికింది కింద బండి పోవడం వల్లనట. ఫోరం అంతా పండగ. పిడుగుభక్తుడు ఆనందం పట్టలేకపోయాడు.

ఆమె పరుగున ఇంటికొచ్చి ఫోను ఆయన చేతిలో పెట్టింది. అదంతా తన చేత్తో తనే సాధించినట్టు ఆయాసపడుతూ, "చూశారా, అతనికి వినబడలేదట! పిడుగు తప్పేం లేదట!" అంది.

ఆయన మొదటినుంచి చివరిదాకా చూశాడు. కిటికీ గడియ దగ్గర చెయ్యి కనిపించే చోట ఆపి, మళ్ళీ చూశాడు. ఫోను ఆమెకు తిరిగి ఇచ్చాడు.

"వాళ్ళది రాసుకునే కథ కదా" అన్నాడు. "వాళ్ళకు కావలసినట్టు రాసుకుంటారు."

వెళ్ళి పడుకున్నాడు. ఆమె పిల్లాడి గదిలోకి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. ఫోనులో నిద్రమొహం నుంచి ఒక ఉత్తరం ముక్క వచ్చి ఉంది. "చత్వారం గారూ, బాబాయ్ చాలా రోజులుగా కనబడటం లేదు. ఆయన ఓడిపోయారని ఇక్కడ అందరూ ఎగతాళి చేస్తున్నారు గాని, నాకు ఆయన రాసిందే ఇష్టం. ఎలా ఉన్నారో మీకేమైనా తెలుసా?"

ఆమె ఏదో రాసింది, చెరిపింది. ఇంకోటి రాసి, దాన్నీ చెరిపింది. చివరికి "తెలియదు బాబూ" అని రాసి పంపింది. గోడకు అవతల ఆయన దగ్గు వినబడింది. ఇంకా నిద్రపోలేదు. ఆమె లేవబోయి, మళ్ళీ కూర్చుంది.